వరండా మీదుగా మదనపల్లె

చింతచెట్టు నాటిన చోటు నుంచి కదలదు. ఈ సంగతి ఒంగోలులోని రాష్ట్ర చింతపండు ప్రోత్సాహక మండలిలో వాచ్‌మన్ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ తెలుసు. అందుకే మండలి పెట్టిన నాటి నుంచీ ఏ పనికీ ఎవరూ తొందరపడింది లేదు. చెట్లు లెక్కపెట్టడానికి ఈ ఏడాది వెళ్ళకపోతే వచ్చే ఏడాది వెళ్ళేవారు. వెళ్ళేసరికి చెట్టు అక్కడే ఉండేది. లేకపోతే ఎవరో కొట్టేశారని రాసుకుని, దారిలో ఎక్కడైనా భోంచేసి తిరిగొచ్చేవారు.

ఇంత నిదానంగా సాగుతున్న సంసారంలోకి వేగం వచ్చి పడింది. రాజధానిలో ‘వేగపాలన’ అని ఒక శిక్షణ తరగతి పెడితే డైరెక్టరు త్రివిక్రమరావు గారు వెళ్ళి, మెడలో బిళ్ళ తగిలించుకుని తిరిగొచ్చారు. అక్కడ ఎవరో వక్త తెర మీద స్పోర్ట్స్ బైకు బొమ్మ చూపించి, రేపటి పాలన ఇలా ఉండాలి అన్నాట్ట. ఆ వక్త ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ త్రివిక్రమరావు గారు ఆ మాటని ఉన్నదున్నట్టు తీసుకున్నారు. పైవాళ్ళు అన్న మాటని ఉన్నదున్నట్టు తీసుకుని నష్టపోయిన అధికారి ఇంతవరకూ ఎవరూ లేరు.

“క్షేత్ర సిబ్బంది యావన్మందికీ స్పోర్ట్స్ మోటారు సైకిళ్ళు సమకూర్చవలెనని మండలి సంకల్పించినది,” అని ఆయన మీటింగులో ప్రకటించారు. “అయితే సదరు వాహనం ప్రతిదినం కార్యాలయానికి రాకపోకలకునూ, సుదూర పర్యటనలకునూ ఏకకాలమున ఉపయుక్తముగా ఉండవలెను. ఊళ్ళోకి ఒకటి, ఊరవతలికి ఒకటి అంటే కుదరదు. ఒకే మండలి, ఒకే వాహనం.”

“చింతచెట్లు ఎటూ పోవు గదండీ. అంత స్పీడు బండి మనకెందుకంటారు?” అన్నారు అకౌంట్స్ ఆఫీసరు జకరయ్య గారు.

“చెట్టు నిలబడి ఉంది కనకనే మనం పరుగెత్తాలి జకరయ్య గారూ. ఇద్దరమూ నిలబడితే ఇక అభివృద్ధి ఎక్కడ?”

అందరూ చప్పట్లు కొట్టారు. జకరయ్య గారు కూడా కొట్టారు. ఆయన ప్రమోషను ఫైలు డైరెక్టరు బల్ల మీదే ఉంది.

బండిని ఎంపిక చెయ్యడానికి కమిటీ వేశారు. కమిటీ నిష్పాక్షికంగా ఉండాలన్నది మొదటి షరతు. బండి నడపడం వచ్చినవాడికి బండ్ల గురించి అభిప్రాయాలుంటాయి, అభిప్రాయాలున్నవాడు నిష్పాక్షికంగా ఉండలేడు, కాబట్టి బండి నడపడం వచ్చినవాళ్ళెవరూ కమిటీలో ఉండకూడదని తేల్చారు. ఆ లెక్కన ముగ్గురు మిగిలారు. డ్రైవరున్న కార్లో తిరిగే డైరెక్టరు గారు అధ్యక్షులు. షేర్ ఆటోలో వచ్చే సూపరింటెండెంట్ దమయంతి గారు కన్వీనరు. షుగరుకి మంచిదని నడిచొచ్చే జకరయ్య గారు సభ్యులు.

షోరూం వాళ్ళిచ్చిన రంగురంగుల కాగితాలు ముందేసుకుని ముగ్గురూ కూచున్నారు. కొన్ని బండ్లకి హ్యాండిలు పైకి ఉంది, కొన్నిటికి బాగా కిందికి ఉంది. కిందికి ఉన్నదాని మీద కూచున్న మనిషి, పడిపోయిన చిల్లర వెతుక్కుంటున్నట్టు ముందుకి వంగిపోయి ఉన్నాడు.

“ఇలా వంగి ఒంగోలు నుంచి రాయచోటి దాకా పోగలరాండీ?” అని అడిగారు దమయంతి గారు.

“వంగిన భంగిమ ప్రజల యెడల మండలికి గల వినయమును సూచిస్తుంది. రాసుకోండి,” అన్నారు డైరెక్టరు గారు.

టిఫిను క్యారియరు తగిలించుకునే కొక్కెం లేదని జకరయ్య గారు అభ్యంతరం చెప్పారు. ఆఫీసుకి పోయే బండికి అదొక్కటే ముఖ్యమని ఆయన నమ్మకం. చీర గార్డు లేదనీ, ఫైళ్ళు పెట్టుకునే చోటు లేదనీ దమయంతి గారు ఎత్తి చూపించారు. వెనక సీటు అరచెయ్యంత ఉంది, అదీ ముందు సీటు కన్నా జానెడు ఎత్తున ఉంది. దీన్ని చూసి మాత్రం డైరెక్టరు గారు మురిసిపోయారు. అధికారి వెనక కూచున్నా కింది ఉద్యోగి కన్నా ఎత్తులో ఉంటాడు, హోదాకి భంగం రాదు. ఆ సీటు మీద ఎంతసేపు కూచోగలరన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

రంగు దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. ఎరుపంటే ఒక పార్టీ, పసుపంటే ఒక పార్టీ, నీలం, ఆకుపచ్చ, కాషాయం దేనికదే ఎవరో ఒకరిది. మండలి మీద మచ్చ పడకుండా చింతపండు రంగు బండి తెమ్మని షోరూంకి రాశారు. వాళ్ళ దగ్గర ఆ రంగు లేదు. చివరికి నల్ల బండి ఒకటి ఎంచి, ‘పాత చింతపండు రంగు’ అని నమోదు చేసుకున్నారు.

ఇక బండెక్కి చూసేవాడు కావాలి. లైసెన్సు ఎవరెవరికి ఉందో రాసిమ్మంటే, ఇందులో ఏదో తంటా ఉందని వాసన పట్టి అందరూ లేదనే రాశారు. ఉందని రాసినవాడు క్షేత్ర సహాయకుడు మాల్యాద్రి ఒక్కడే. అతన్ని ‘పరీక్షారోహకుడు’గా నియమించారు.

మాల్యాద్రి అమాయకుడేం కాదు, బండి కోసం ఆశపడ్డాడు. అతనిది కందుకూరు దగ్గర పల్లె. భార్య రెడ్డెమ్మ మదనపల్లె పిల్ల, అక్కడే మునిసిపల్ బడిలో టీచరు. పెళ్ళయినప్పటి నుంచీ ఇతను ఇక్కడ, ఆమె అక్కడ. అతన్ని మదనపల్లె వైపు వెయ్యమని పెట్టుకున్న బదిలీ దరఖాస్తు బల్లలన్నీ తిరిగి, ఇప్పుడు డైరెక్టరు గారి సంతకం దగ్గర ఆగింది. శనివారం సాయంత్రం బస్సెక్కడం, సోమవారం ఉదయం ఎర్రబడ్డ కళ్ళతో బస్సు దిగడం అతనికి అలవాటైపోయింది. ఇప్పుడు రెడ్డెమ్మకి నెలలు నిండాయి. సెలవు అడిగితే, వేగపాలన పక్షోత్సవాలు నడుస్తున్నాయి గనక ఎవరికీ సెలవు లేదన్నారు.

“డాక్టరమ్మ ఈ వారంలోనే అంటాండాది,” అంది రెడ్డెమ్మ ఫోన్లో. “నాకేం తేవొద్దబ్బా. నొప్పులొచ్చే టయానికి నువ్వు నా పక్కన ఉండాల, అంతే.”

“ఉంటాలేవే. ఆఫీసోళ్ళు బండి ఇస్తన్నారు. దాని మీదే వస్తన్నా.”

“పోయిన తూరీ ఇట్నే చెప్తివి.”

పోయిన తూరి అయిదో నెల్లో గర్భం పోయింది. ఆ పూట మాల్యాద్రి కొండ అవతల చింతచెట్లకి నంబర్లు వేస్తున్నాడు. ఆస్పత్రిలో ఆమె పక్కన పొరుగింటావిడ కూచుంది. ఆ సంగతి గుర్తొస్తే మాల్యాద్రికి ఇప్పటికీ ముద్ద దిగదు. అందుకే దూర ప్రయాణం పరీక్ష ఏ ఊరికి పెడదామని డైరెక్టరు గారు అడిగినప్పుడు, నోట్లో మాట నోట్లో ఉండగానే “మదనపల్లె సార్!” అన్నాడు. పుంగనూరు వైపు చింతతోపులున్నాయి కనక సమంజసంగానే ఉందని కమిటీ ఒప్పుకుంది. ఆ మధ్యాహ్నమే మాల్యాద్రి రెడ్డెమ్మకి ఫోన్ చేసి, ఖాయంగా బయల్దేరుతున్నానని చెప్పేశాడు.

షోరూం వాళ్ళు బండిని ట్రాలీ ఆటోలో తెచ్చి వరండాలో దించారు. పసుపు, కుంకుమ, పూలదండ అయ్యాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇక బండి ముందుకి కదిలి వాటిని తొక్కాలి.

“కదపకూడదు!” అని దమయంతి గారు కేకేశారు.

ఆవిడ చెప్పింది నిబంధన. ఆవరణ దాటి పోయే వాహనం మండలి ఆస్తి అయి ఉండాలి. ఆస్తి కావాలంటే కొనాలి. కొనాలంటే పరీక్షలో నెగ్గాలి. పరీక్ష అంటే ఆవరణ దాటి పోవాలి. లోపలే నాలుగు చుట్లు తిప్పుదామన్నా, మండలిది కాని బండికి పెట్రోలు మంజూరు చేసే వీలు లేదని జకరయ్య గారు చెప్పారు. పైగా ఇంజను చప్పుడుకి ఫైళ్ళు చూసేవాళ్ళ ఏకాగ్రత చెడుతుందన్నారు. ఏకాగ్రత మాట వినేసరికి టైపు సెక్షనులో నిద్రపోతున్న ఇద్దరు లేచి కూచున్నారు.

కాసేపు అందరూ నిమ్మకాయల వంక చూశారు. తర్వాత డైరెక్టరు గారి మొహం విప్పారింది.

“బండి కదలాలని ఎవరన్నారండీ? పరీక్ష జరగాలి, అంతే కదా. దీన్ని స్థిర చలన పరీక్ష అందాం,” అన్నారు.

నిమ్మకాయల్ని చేత్తో నలిపారు. బండిని కదలకుండా ఇనప స్టాండు మీదికి ఎక్కించారు.

మొదట ఆఫీసు రాకపోకల పరీక్ష. మాల్యాద్రి హెల్మెట్ పెట్టుకుని, వంగి, బండెక్కాడు. ఇంజను శబ్దం ఆరోహకుడే సమకూర్చుకోవలెనని ఉత్తర్వులో ఉంది కనక నోటితో బుర్రుమన్నాడు. ఊళ్ళో రద్దీ ఉండాలి గదా, సిబ్బందికి ట్రాఫిక్ విధులు వేశారు. దాంతో పెద్ద గొడవైంది. లారీలుగా సీనియర్ల పేర్లు మాత్రమే ఉండాలని ఉద్యోగుల సంఘం పట్టుబట్టింది. టైపిస్టు కోటిలింగానికి ఆవు పడింది.

“ఇంత సర్వీసు పెట్టుకుని ఆవునా? మా ఇంట్లో తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాల?” అని అతను కంట తడి పెట్టుకున్నాడు.

అతన్ని బస్సుగా మార్చారు. ఆవు పోస్టు ఖాళీ పడింది. భర్తీ అయ్యేదాకా జకరయ్య గారు తమ విధులకి అదనంగా ఆవు బాధ్యతలు నిర్వహించాలని డైరెక్టరు గారు అప్పటికప్పుడు ఉత్తర్వు వేశారు. జకరయ్య గారు వరండా మధ్యలో నిలబడి, ఎటూ చూడకుండా, ఎవరు హారన్ కొట్టినా పక్కకి జరగకుండా ఆ బాధ్యత చాలా హుందాగా నిర్వహించారు. అంత బాగా ఆయన అకౌంట్లు కూడా ఎప్పుడూ చూడలేదు.

‘ఇంతటి రద్దీయందునూ ఒక్క ప్రమాదము సంభవింపలేదు. ఇంధన వినియోగము శూన్యము. పొగ లేదు,’ అని కమిటీ రాసుకుంది.

దూర ప్రయాణానికి ముందు రోజు మాల్యాద్రి డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సార్, ఇదన్నా నిజంగా పోనియ్యండి. నా భార్యకి నెలలు నిండాయి. ఎట్టాగూ మదనపల్లెకే గదా సార్.”

“నిజంగానే వెళ్తున్నారు మాల్యాద్రీ. నిజంగా వెళ్ళడానికి ఏం కావాలి? బయల్దేరినట్టు ఒక సంతకం, చేరినట్టు ఒక సంతకం. రెండూ నేను పెడతాను.” డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి మెత్తగా నవ్వారు. “పరీక్ష పూర్తి చేసిన సాయంత్రం మీ బదిలీ మీద కూడా పెడతాను. మధ్యలో ఎటైనా పోయారనుకోండి, విధులకి గైర్హాజరు. ఇక ఆ ఫైలు సంగతి నేను చెప్పనక్కర్లేదు.”

చెప్పనక్కర్లేదు. మాల్యాద్రికి అర్థమైంది. చెప్పకుండా బస్సెక్కి పోతే ఈ ఒక్కసారి రెడ్డెమ్మ పక్కన ఉంటాడు, ఆ తర్వాత బతుకంతా శనివారం బస్సే. నొప్పులు ఇంకో రెండు రోజులు ఆగకపోతాయా అనుకుని బయటికొచ్చాడు.

మర్నాడు ఉదయమే ఎదురుగాలి కోసం బండి ముందు పెద్ద ఫ్యాను పెట్టారు. ఊళ్ళ పేర్లు రాసిన అట్టలు పట్టుకుని కోటిలింగం బండి ముందు నుంచి వెనక్కి నడిచేవాడు. సింగరాయకొండ పోయింది. కావలి వచ్చింది. అక్కడ టీ విరామం ఇచ్చారు. మాల్యాద్రి నడుం పట్టుకుని దిగి క్యాంటీనుకి వెళ్తే, క్యాంటీనతనితో మాట్లాడొద్దని దమయంతి గారు వెనకే వచ్చి హెచ్చరించారు. అతను ఒంగోల్లో ఉన్నాడు, వీళ్ళు కావలిలో ఉన్నారు.

నెల్లూరు వచ్చేసరికి మణికట్లు లాగడం మొదలైంది. ఒంటి బరువంతా చేతుల మీదే. నాయుడుపేట దగ్గర వాన కురవాలని ఎవరికో తోచింది. కుండీలకి నీళ్ళు పోసే డబ్బాతో కురిపించారు. శ్రీకాళహస్తి దాటాక మెడ పైకి లేవడం మానేసింది. తిరుపతిలో జనం ఎక్కువ గనక చాలాసేపు ఆపేశారు. కోటిలింగం తిరుపతి అట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు మోగింది ఫోను.

“నొప్పులు మొదలైనాయబ్బా,” అంది రెడ్డెమ్మ. “పక్కింటక్క ఆస్పత్రికి తోలుకొచ్చింది. నువ్వు యాడుండావు?”

మాల్యాద్రి తలెత్తి ఎదురుగా ఉన్న అట్ట చూశాడు. ఆ మాటే నోటిదాకా వచ్చింది.

“ఒంగోల్లోనే ఉన్నానే,” అన్నాడు.

“తెల్లార్తోనే బైల్దేర్తానని చెప్తివే!”

“బైల్దేరాను. కదల్లేదు.”

“నాకు బయంగా ఉండాది,” అంది రెడ్డెమ్మ. అంతే, ఫోను పెట్టేసింది.

బండి మీంచే అరిచాడు. “సార్! నొప్పులొస్తన్నాయంట. సెలవియ్యండి, బస్సుకి పోతా!”

కమిటీ అక్కడికక్కడే సమావేశమైంది. జకరయ్య గారు పుస్తకం తిరగేశారు. ఆయన చెడ్డవాడు కాదు, పైగా ముగ్గురు పిల్లల తండ్రి. కానీ పుస్తకంలో ఉన్నది చెప్పాలి గదా. “మీరిప్పుడు తిరుపతిలో ఉన్నారండీ. పర్యటనలో ఉన్న ఉద్యోగికి ఒంగోలు కార్యాలయం సెలవు మంజూరు చెయ్యకూడదు. ముందు గమ్యస్థానం చేరుకోవాల. చేరినాక అడగండి.”

“అయితే తొందరగా చేర్పించండి!”

డైరెక్టరు గారి మనసు కరిగింది. “మానవతా దృక్పథంతో పీలేరు, వాయల్పాడు మినహాయిస్తున్నాను. భాకరాపేట ఘాట్ మాత్రం మినహాయించలేను. ఘాటు లేనిదే సుదూర ప్రయాణం అనిపించుకోదు,” అన్నారు. ఇద్దరు గుమాస్తాలు బండిని స్టాండుతో సహా పట్టుకుని, మలుపు మలుపుకీ ఇటూ అటూ వంచారు. కోటిలింగం మిగతా అట్టలు కింద పడేసి ఆఖరి అట్ట పైకెత్తాడు.

“మదనపల్లె!” అని దమయంతి గారు ప్రకటించారు.

వరండా అంతా చప్పట్లు. డైరెక్టరు గారు చేరినట్టు సంతకం పెట్టి, రాజధానికి ఫోన్లో వార్త పంపించి, మాల్యాద్రి చెయ్యి పట్టుకుని ఊపారు. “అభినందనలు. ఇక మీ శ్రీమతి గారి చెంతనే ఉన్నారు. మండలి మీకు చేసిన మేలు మర్చిపోకండి.”

“ఇప్పుడు సెలవియ్యండి సార్.”

“ఎక్కడికి వెళ్ళడానికి?”

“మదనపల్లెకి!”

డైరెక్టరు గారు జకరయ్య గారి వైపు చూశారు. జకరయ్య గారు నేల చూపులు చూస్తూ, “మదనపల్లెలో ఉన్న ఉద్యోగికి మదనపల్లె పోవడానికి సెలవిచ్చే నిబంధన లేదండీ,” అన్నారు.

మాల్యాద్రికి ఒళ్ళు మండిపోయింది. నాలుగు బూతులు తిట్టి హెల్మెట్ ఎవరి నెత్తినైనా వేసి కొడదామనుకున్నాడు. ఆ కోపం మీదే ఒక ఆలోచన తట్టింది. గొంతు తగ్గించి అడిగాడు.

“సార్, నేను మదనపల్లెలో ఉన్నట్టేనా?”

“నిస్సందేహంగా.”

“అంటే ఒంగోల్లో లేనట్టేగా?”

“ఒక ఉద్యోగి రెండు చోట్ల ఎలా ఉంటాడండీ?”

“బండి?”

“అదీ మదనపల్లెలోనే. మీతో పాటే చేరింది.”

మాల్యాద్రి హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు. బండిని ముందుకి ఒక్క తోపు తోసి స్టాండు మీంచి దించాడు. హారన్ మోగడానికని తాళం చెవి బండికే ఉంచారు. దాన్ని తిప్పి, షోరూం వాళ్ళు ట్యాంకు అడుగున పోసి పంపిన కాస్త పెట్రోలుని నమ్ముకుని బొత్తాం నొక్కాడు. ఇన్ని రోజులుగా మండలికి మాల్యాద్రి నోటితో బుర్రుమనడమే తెలుసు. అసలు ఇంజను ఒక్కసారి గర్జించేసరికి మదనపల్లె అట్ట పట్టుకున్న కోటిలింగం ఎగిరి పూలకుండీల అవతల పడ్డాడు. జకరయ్య గారు మాత్రం అప్రయత్నంగానే పక్కకి జరిగి దారిచ్చారు. ఆవు బాధ్యతల్లో ఆయన చేసిన తప్పు అదొక్కటే.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. “గేటు పాసేదయ్యా?”

“బండి లోపల లేదన్నా. పెద్ద సారు పొద్దున్నే పంపేశారు. కావాలంటే అడుగు.”

వాచ్‌మన్ దమయంతి గారి వంక చూశాడు. ఆవిడ డైరెక్టరు గారి వంక చూశారు. ఆపమంటే బండి ఒంగోల్లో ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. డైరెక్టరు గారి చేతిలో ఫోను అప్పుడే మోగింది. రాజధాని నుంచి శుభాకాంక్షలు, మీ స్థిర చలనాన్ని మిగతా మండళ్ళకి ఆదర్శంగా పెడుతున్నాం అని. ఆయన నుదురు తుడుచుకున్నారు.

“ఏమిటయ్యా అలా చూస్తావు? అక్కడేమీ లేదు. గాలాడ్డం లేదు, గేటు తీసి పెట్టు,” అన్నారు.

కమిటీ తెలుసుకోవలసినవన్నీ మాల్యాద్రి ఆ దారిలో ఒక్కడే తెలుసుకున్నాడు. ఒంగోలు బజారు దాటేసరికే బండి వేడికి తొడలు కాలాయి. ఆటోల మధ్య నిదానంగా పొమ్మంటే ఆ బండి తాడు తెంచుకునే కోడెలా గింజుకుంది. పెట్రోలు కొట్టించుకుని హైవే ఎక్కాక మాత్రం, అబ్బ, ఏం బండి! లారీలు కనపడ్డం ఆలస్యం, వెనక్కి పోయేవి. ఆ సంబరం గూడూరు దాకా ఉంది. అక్కడి నుంచి నడుము, మెడ, మణికట్లు వంతులేసుకుని ఏడ్పించాయి. ఘాట్‌లో మలుపులకి పంటి బిగువున వంగాడు. రోజూ ఆఫీసుకి పోవాలంటే పాత మోపెడ్ మేలు, దూరం పోవాలంటే నడుం వాల్చే సీటున్న బస్సు మేలు అని తీర్మానించుకున్నాడు. ఈ ఒక్క రోజుకి మాత్రం ఈ బండే కావాలి అని కూడా అనుకున్నాడు.

ఆస్పత్రి ముందు దిగాక మనిషి నిటారుగా నిలబడలేకపోయాడు. బండి మీద ఎలా వంగి ఉన్నాడో అలాగే వంగి, చేతులు రెండూ ముందుకి చాచి, లోపలికి నడిచాడు. ఎదురొచ్చిన నర్సు చక్రాల కుర్చీ లాక్కొచ్చింది.

“ఏ వార్డన్నా నీది?” అంది.

“కాన్పుల వార్డమ్మా.”

నర్సు అతన్ని కింది నుంచి పైదాకా చూసి, లోపల్నించి రెడ్డెమ్మ “ఆయప్ప నా మొగుడే, రానీండి!” అని అరవడంతో, నవ్వాపుకుంటూ కుర్చీని ఆమె మంచం పక్కకి తోసింది. పక్కింటక్క లేచి చోటిచ్చింది.

“వస్తివా?” అంది రెడ్డెమ్మ. ఏడుస్తోంది, తిడుతోంది, అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. మాల్యాద్రికీ ఏడుపొచ్చింది. ఈసారి పక్కన ఉన్నాడు, అదొక్కటే అతనికి కావాల్సింది. పొద్దుగుంకాక ఆడపిల్ల పుట్టింది.

ఒంగోల్లో కమిటీ నివేదిక సిద్ధమైంది. వాహనము ఇంజను ఉపయోగింపకయే మదనపల్లె చేరుకొనినది గనుక, ఇకపై కొనబోవు బండ్లకు ఇంజను అనవసరమని అందులో సిఫార్సు చేశారు. మా బండేదని షోరూం వాళ్ళు వచ్చి అడిగితే, పరీక్షలో ఉందని పంపేశారు. అంతా సజావుగా ఉందనుకుంటుండగా ఎవరో డైరెక్టరు గారి చెవిన ఒక మాట వేశారు. ఆయన తలుపేసుకుని మాల్యాద్రికి ఫోన్ చేశారు.

“మాల్యాద్రీ, మీరెక్కడున్నారు?”

“మదనపల్లెలో సార్.”

“అది రికార్డండీ. నేనడిగేది నిజంగా.”

“నిజంగా కూడా మదనపల్లెలోనే సార్.”

అవతల కుర్చీ కిర్రుమంది. “ఎంత పని చేశారయ్యా! రికార్డులో ఉన్నచోట మనిషి నిజంగా ఉండటం మన మండలిలో ఎప్పుడైనా జరిగిందా? రేపు ఆడిట్ వాళ్ళు ఇది పట్టుకుని, లెక్కపెట్టిన చెట్లు కూడా నిజంగా ఉండాలంటే ఏం చెప్పను? తక్షణం బయల్దేరి వచ్చెయ్యండి.”

“ఎట్టా రావాల సార్? తిరుగు ప్రయాణం కూడా వరండాలోనే జరగాల గదా. దానికి నేనూ బండీ వరండాలో ఉండాల. ఇక్కణ్ణించి అక్కడికి రావాలంటే ముందు తిరుగు ప్రయాణం అవ్వాల.”

“దీన్ని పరిశీలించడానికి ఒక కమిటీ వెయ్యవలసి ఉంటుంది,” అన్నారు డైరెక్టరు గారు.

“వెయ్యండి సార్. అప్పటిదాకా నేను డ్యూటీలోనే ఉంటా.”

“ఏమంటాడు మీ సారు?” అంది రెడ్డెమ్మ, పిల్లకి పొత్తిగుడ్డ చుడుతూ.

“నన్ను ఈడ్నే ఉండమన్నాడు. కమిటీ ఏస్తారంట, అది తేల్చేదాకా.”

రెడ్డెమ్మ కూడా గవర్నమెంటు బళ్ళో పనిచేసే మనిషే. కమిటీ అంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. కుట్లు నొప్పెడుతున్నా ఆగకుండా నవ్వింది.

“అట్లయితే ఈ బిడ్డ బడికి పొయ్యేదాకా మాతోనే ఉంటావులేబ్బా,” అని పిల్లని అతని ఒళ్ళో పెట్టింది.